మూడో శుక్రవారం

ఈస్టరుకి ముందొచ్చే శ్రమకాల దినాలు మొదలయ్యాక అది మూడో శుక్రవారం. మహిమ పొద్దుటినుంచీ మంచినీళ్లు కూడా ముట్టలేదు. సాయంత్రం గుడిలో ప్రార్థన అయ్యేదాకా ముట్టనని ఈ ఏడే తీర్మానం చేసుకుంది. అత్త పుల్లమ్మ ముప్ఫై ఏళ్లుగా అలాగే ఉంటోంది. కోడలు ఆపాటి ఉండలేదా అని ఎవరూ అనకముందే తనే అనుకుంది.

ఆకలికి ఎలాగో ఓర్చుకుంటోంది కానీ, పిల్లలతోనే వేగలేకపోతోంది. మూడేళ్ల కెజియా, అమ్మ ఒక ముద్ద తింటేనే తనొక ముద్ద తింటుంది. పోయిన రెండు శుక్రవారాలూ మహిమ తిన్నట్టు నటించి నెట్టుకొచ్చింది. ఇవాళ ఐదేళ్ల షారోను పట్టేసింది.

"అమ్మ తిన్లేదే! ముద్ద కొంగు చాటున దాచింది!"

కెజియా తల్లి గడ్డం పట్టుకుంది. "ఏదీ, నోరు తెరువు."

"ముందు నువ్వు తినవే!" అంటూ మహిమ దాని వీపు మీద ఒక్కటేసింది. పిల్ల ఏడవలేదు. వెళ్లి గోడవారగా పడుకుంది.

"వదిలెయ్. ఆకలేస్తే అదే తింటది" అంది పుల్లమ్మ.

మధ్యాహ్నం దాటింది. పాలిచ్చినా, అరటిపండు ఒలిచిచ్చినా పిల్ల తల తిప్పేసుకుంది. మహిమకి కాలు నిలవడం లేదు. బైబిలు తెరిచి ఒకే వచనం మూడుసార్లు చదివి మూసేసింది. వాకిట్లో ఎండబోసిన మిరపకాయల్ని తిరగేసింది. ఘాటుకి దగ్గుతూ లోపలికొచ్చింది. మళ్లీ బయటికెళ్లింది.

మూడింటికి కెజియా పక్కన కూర్చుని ఒళ్లు తడిమింది. జ్వరం లేదు. పిల్ల కళ్లు తెరిచి మెల్లిగా అడిగింది:

"నా మీద అలిగావా అమ్మా? అందుకే అన్నం తినట్లేదా?"

మహిమ లేచి పప్పన్నం కలిపి తెచ్చింది. మొదటి ముద్ద తన నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, నోరు తెరిచి చూపించింది. కెజియా లేచి కూర్చుంది.

గుడికని తెల్లచీర కట్టుకున్న పుల్లమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఒక్కతే వెళ్లిపోయింది. మహిమ పిల్లల్ని తీసుకుని ఆలస్యంగా వెళ్లి చివరి వరసలో కూర్చుంది. అందరూ కళ్లు మూసుకున్నా ఆమె మూసుకోలేకపోయింది. తప్పు చేశానా, చెయ్యలేదా?

వారమంతా అత్త ఆ మాట ఎత్తలేదు.

నాలుగో శుక్రవారం పుల్లమ్మే కంచం తీసుకుని కెజియా ముందు కూర్చుంది. "నువ్వు ఉపవాసం ఉండు. దీనికి నేను పెడతా" అంది కోడలితో. పాట పాడింది, కథ చెప్పింది, బెదిరించింది. కెజియా పెదవులు బిగించుకుంది.

అరగంటకి పుల్లమ్మ నిట్టూర్చి లేచింది. ఇంకో కంచంలో అన్నం, పప్పు పెట్టుకొచ్చి మహిమ ముందుంచింది.

"కూర్చో, తిను. నీ బదులు కూడా నేనుంటాలే."

"అది కాదత్తమ్మా..."

"తిను మహిమా. పిల్ల చూస్తోంది."