వేళ్లు చెప్పిన జోస్యం

మా తమ్ముణ్ణి నేను చిలక అని పిలుస్తాను. ముద్దుకని అనుకుంటారేమో, ఒళ్లుమండి పెట్టిన పేరది. ఒక వీడియో గేముల కంపెనీ వచ్చే ఏడాది ఏయే గేములు విడుదల చేస్తుందో, దాని తర్వాతి మెషీను ఎలా ఉండబోతోందో ముందే చెప్పడం వాడి పని. ముప్పై నాలుగేళ్ల మనిషి పొద్దస్తమానం గది తలుపేసుకుని ఇదే చేస్తాడు. కాగితాల మీద లెక్కలు, గీతలు, బాణం గుర్తులు. ఆ తర్వాత కెమెరా ముందు కూర్చుని గంభీరంగా చిలక జోస్యం. మూడు వేల మంది చూస్తారు. అందులో సగం మంది తిట్టడానికే వస్తారని నా అనుమానం.

ఆ కంపెనీలోనే నేను పదకొండేళ్లు పనిచేశాను. ఈ మాట వినగానే ఎవరైనా, ఇంకేం, గుట్టంతా ఇంట్లోనే ఉందిగా అంటారు. నా దగ్గర ఏ గుట్టూ లేదు. ఆడేవాళ్లు చేత్తో పట్టుకుని బటన్లు నొక్కుతారే, ఆ కంట్రోలర్‌ని పరీక్షించడం నా ఉద్యోగం. ఇంకా బయటికి రాని కంట్రోలర్‌ని మా బల్ల మీద ఒక చెక్కపెట్టెలో బిగిస్తారు. పెట్టెకి రెండు కన్నాలు, వాటికి మోచేతుల దాకా వచ్చే నల్లగుడ్డ తొడుగులు. చేతులు లోపల పెట్టి నొక్కడమే తప్ప వస్తువు కంటికి కనిపించదు. ఎదురుగా తెర మీద ఏ వేలు, ఎన్నిసార్లు అని వస్తుంది. నొక్కుతాం. మళ్లీ వస్తుంది. మళ్లీ నొక్కుతాం. ఈ పనికి యంత్రాలు లేవా అంటే ఉన్నాయి, పక్క గదిలో రాత్రింబవళ్లు టకటకలాడుతూనే ఉంటాయి. కానీ యంత్రం నిటారుగా నొక్కుతుంది. మనిషి విసుగెత్తి వంకరగా నొక్కుతాడు. ఆ వంకర కోసమే మా అయిదుగురికీ ఉద్యోగాలు.

సాయంత్రం ఒక కాగితం మీద ఏది బిగువుగా ఉంది, ఏది జారుతోంది అని రాసి సంతకం పెట్టాలి. ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటారు. బయట నోరు జారితే ఉద్యోగం ఊడుతుందని ఏటా ఇంకో సంతకం. పదకొండు సంతకాలు పెట్టాను, ఒక్కసారీ నోరు జారలేదు. తమ్ముడు మొదట్లో ఓ నెల నా వెంటపడి అడిగాడు. చీపురు తిరగేశాను. ఆ తర్వాత మళ్లీ అడగలేదు.

అమ్మ పోయేనాటికి వాడికి పదకొండేళ్లు, నాకు పంతొమ్మిది. నాన్న అంతకు ముందే లేడు. జడ వేసుకోవడం మానేసి జుట్టు కత్తిరించుకుని, పొద్దునొక పని, సాయంత్రం ఒక పని చేసి వాణ్ణి పెంచాను. పెద్దయ్యాక సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో కుదిరాడు. చేతివాటం ఉన్నవాడు, మంచి పేరు తెచ్చుకున్నాడు. ఆరేళ్ల క్రితం ఆ దుకాణం ఎత్తేశారు. ఇంకోచోట చూసుకోరా అంటే చూస్తానన్నాడు. ఆ చూడటం గదిలోకి వెళ్లి తలుపేసుకోవడంతో ఆగింది. అప్పట్నుంచి మా మధ్య మాటలంటే, తిన్నావా అని నేను, ఆఁ అని వాడు.

వాడి జోస్యాలు ఒక్కటీ ఫలించేవి కావు. కొత్త మెషీను ఇదిగో వస్తోందని వరసగా మూడేళ్లు చెప్పాడు. రాలేదు. మూడో ఏడు జనం ఎంత ఎగతాళి చేశారంటే రెండు రోజులు అన్నం ముట్టలేదు. తలుపు బయట నిలబడి నేను కూడా నవ్వాను. ఇంకే ఉద్యోగమూ దొరకనట్టు ఇదేం ఉద్యోగమని అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఈ ఏడాది మొదట్లో మా బల్లల మీద పాత పెట్టెలు తీసేసి కొత్తవి పెట్టారు. లోపల ఏముందో నా కళ్లకి తెలియదు గాని, నా చేతులకి మాత్రం అది కొత్త ఊరిలా ఉంది. వేళ్లు ఎప్పుడూ వెళ్లని చోట్లకి వెళ్లాల్సొచ్చింది. మూడు వారాలకే వేళ్లు వాచాయి. ఒక సాయంత్రం ఇంటికొచ్చి టీ కప్పు ఎత్తబోతే పట్టు జారి నేలన పడి భళ్లుమంది. కిందపడ్డ ముక్కలు ఏరడానికీ వేళ్లు వంగలేదు. అక్కడే చతికిలబడ్డాను.

తలుపు తెరుచుకుంది. తమ్ముడు వచ్చి, ముక్కలన్నీ ఏరి చెత్తబుట్టలో వేసి, నన్ను రెక్క పట్టుకు లేపి కుర్చీలో కూర్చోబెట్టాడు. మందుల డబ్బాలోంచి నొప్పుల మందు తీసి, నా చెయ్యి తన మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఎక్కడ నొప్పి అక్కా?" అన్నాడు.

ఆరేళ్లలో వాడు నా గురించి అడిగిన మొదటి ప్రశ్న అది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నొప్పికి ఏడుస్తున్నాననుకున్నాడేమో, ఇంకా మెల్లగా రాశాడు.

ఆ రోజు నుంచి నాలుగు నెలలు, ఒక్క సాయంత్రం తప్పలేదు. నేను ఆరింటికి వచ్చేసరికి టీ పెట్టి, తువ్వాలు వేడినీళ్లలో ముంచి పిండి, సిద్ధంగా కూర్చునేవాడు. ఒక్కో వేలూ పట్టుకుని అడిగేవాడు. చివర నొప్పా, కణుపు దగ్గరా? నొక్కితేనా, తిప్పితేనా? మధ్యవేళ్లు రెండూ ఒకేలా ఉన్నాయా అంటే, ఎడమది మరీ చచ్చిపోతోందిరా, కుడిది నయం అన్నాను. బొటనవేలి మొదట్లో గుండ్రంగా చర్మం లేచిపోయింది, అదేమిటన్నాడు. ఏమో, రోజంతా గిరగిరా తిప్పిస్తున్నారు అన్నాను. ఒకసారి, నువ్వు బాగా అలిసిపోయావు, ఎక్కడికైనా వెళ్దాం, సెలవెప్పుడిస్తారు అని అడిగాడు. వచ్చే నెల పదిహేను దాకా ఎవరికీ సెలవుల్లేవట, ఆ తర్వాత కావలసినన్ని అన్నాను. సరే, పదిహేను తర్వాతే వెళ్దామన్నాడు.

నేను సంతోషంగా ఉన్నాను. ఈ మాట దాచుకోవడం ఎందుకు? వాచిన వేళ్లతో, నిద్రలేని కళ్లతో, నా జీవితంలో నేనంత సంతోషంగా ఎప్పుడూ లేను. బల్ల దగ్గర నా పక్కన కూర్చునే ఆవిడకి రోజూ చెప్పుకునేదాన్ని. మా ఇంట్లో వాళ్లయితే నా చెయ్యి విరిగినా టీవీలోంచి తలెత్తరు, నువ్వు అదృష్టవంతురాలివి అనేది ఆవిడ. నాకు లోలోపల గర్వంగా ఉండేది. పెంచింది వృథా పోలేదని అనుకునేదాన్ని.

మంగళవారం పొద్దున మా అయిదుగురినీ పెట్టెల్లోంచి చేతులు తీయమన్నారు. ఒక్కొక్కరినే మూడో అంతస్తుకి పిలిచారు. అక్కడ కంపెనీ న్యాయ విభాగంలో పనిచేసే ఒకావిడ ఉంది. మర్యాదస్తురాలు. కూర్చోమని, మంచినీళ్లు ఇచ్చి, తన కంప్యూటర్ నా వైపు తిప్పింది.

తెర మీద మా తమ్ముడు. వెనక మా ఇంటి గోడ.

ఆ వీడియోని అప్పటికే నాలుగు లక్షల మంది చూశారట. ఈసారి వాడు ఊహలు చెప్పడం లేదు, తూకం వేసినట్టు చెబుతున్నాడు. కొత్త మెషీను కంట్రోలర్‌కి వెనక వైపు రెండు బటన్లు ఉంటాయి, మధ్యవేళ్లతో నొక్కాలి, ఎడమ బటన్ ఇంకా బిగువుగానే ఉంది. బొటనవేలి కింద ఒక చక్రం ఉంటుంది, గుండ్రంగా తిప్పాలి, అంటే గాలం చుట్టే చేపల గేము ఎనిమిదేళ్ల తర్వాత మళ్లీ వస్తోంది. నేను తొడ మీదున్న నా చెయ్యి వైపు చూశాను. ప్రకటన వచ్చే నెల పదిహేనున.

ఒక్కో జోస్యం వెనకా ఒక్కో సాయంత్రం ఉంది. ఏ మాట ఏ రోజు అడిగాడో, అప్పుడు టీ వేడిగా ఉందో చల్లారిందో కూడా చెప్పగలను.

మూడూ నిజమేనని ఆవిడ చెప్పింది. ఆ ఛానల్‌కి ఉన్న ఫోన్ నెంబరు నా పేరు మీద ఉందని కూడా చెప్పింది. ఎడమ బటన్ బిగువు సంగతి మా అయిదుగురూ రాసిన కాగితాల్లో తప్ప ఇంకెక్కడా లేదట. ఎవరు చెప్పారో తేలేదాకా అయిదుగురినీ పనిలోకి రానివ్వరు. నేను చెప్పలేదంటే నమ్మడానికి సిద్ధమేనంది. పదకొండేళ్లలో నా మీద ఒక్క మచ్చ లేదట. అయితే మరి అతనికెలా తెలిసిందో చెప్పాలి, అతన్ని కూడా ఇక్కడికి పిలిపించి, నా ఎదురుగానే అడుగుతారు.

నిజం చెప్పడం తేలికే. నా చేతులు రెండూ బల్ల మీద పెట్టి, వీటిని చూసి కనిపెట్టాడండీ, రోజూ మందు రాస్తూ కనిపెట్టాడు అంటే సరిపోయేది. ఆవిడ తెలివైన మనిషి, అర్థం చేసుకునేది. మహా అయితే ఇంకో విభాగానికి మార్చేవారు. కానీ ఆ తర్వాత వాణ్ణి పిలుస్తారు. ఈ కుర్చీలోనే కూర్చోబెట్టి, మీ అక్క చేతులకి మందు ఎందుకు రాసేవాడివి అని అడుగుతారు. ఆ జవాబు నేను వినాలి. ఉద్యోగం పోయినా బతకొచ్చు, ఆ జవాబు వింటే బతకలేననిపించింది.

"నేనే చెప్పాను," అన్నాను.

ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసింది. మళ్లీ ఆలోచించుకోమంది. మిగిలిన నలుగురికీ ఏ సంబంధం లేదని, ఇంట్లో మాటల్లో మాటగా నేనే చెప్పేశానని అన్నాను. అందులో అబద్ధం ఎంతో, నిజం ఎంతో నాకే తెలియలేదు. ఎక్కడ నొప్పి అంటే ఇక్కడ అని చెప్పింది నేనేగా. అలాగైతే అతన్ని పిలవక్కర్లేదంటూ ఆవిడ కాగితం ముందుకి జరిపింది. పన్నెండో సంతకం పెట్టాను. వేళ్లు సహకరించక అది వంకరటింకరగా పడింది.

మధ్యాహ్నం రెండింటికి ఇంటికి చేరాను. తమ్ముడి గది తలుపు బార్లా తీసి ఉంది. వాడు ముందు గదిలో, గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, ఫోన్ చూసుకుంటూ పచార్లు చేస్తున్నాడు. నన్ను చూడగానే మొహం చేటంతైంది. నిన్న మొన్నటిదాకా తిట్టినవాళ్లే ఇప్పుడు గురువుగారూ అంటున్నారట. నేను అంత పెందలాడే ఎందుకొచ్చానో అడగాలని తోచలేదు వాడికి. చిన్నప్పుడు లెక్కల్లో మొదటిసారి పాసైన రోజు కూడా అచ్చం ఇలాగే వెలిగిపోతూ, నా చెయ్యి పట్టుకుని ఇల్లంతా తిప్పాడు.

ఉద్యోగం పోయిందని చెప్పాను. నీకెలా తెలిసిందని అడిగారని, నేనే చెప్పానన్నానని చెప్పాను.

వాడి మొహంలో రంగు దిగిపోయింది. ఇప్పుడేదో ఒకటి అంటాడు, ఏదైనా సరే, దాంతోనే నేను మిగతా రోజులు లాగించేస్తాననుకుంటూ నిలబడ్డాను.

"నువ్వు చెప్పలేదుగా," అన్నాడు. "నేనే కనిపెట్టానుగా."

నేను చెప్పులు విప్పి మూల పెట్టాను.

"అయితే రేపట్నుంచి వెళ్లవా?"

"వెళ్లను."

"మరి ఎలా?" అన్నాడు, తనలో తను లెక్కలేసుకుంటున్నట్టు. "కుడి చెయ్యి సంగతి ఇంకా తేలనే లేదు."

అన్న తర్వాత ఆ మాట వాడికే వినపడింది. ఫోన్ కుర్చీలో పడేసి, గోడకి జారబడి నేల మీద కూర్చున్నాడు. ఏడిచాడు. మా అమ్మ పోయినప్పుడు ఏడ్చినట్టే, చప్పుడు చెయ్యకుండా, నోరు తెరిచి. నేనూ పక్కన కూర్చున్నాను. కోపం రాలేదు. కోపం రావడానికి కూడా కాస్త ఓపిక ఉండాలి.

చాలాసేపటికి తలెత్తాడు.

"నొప్పి తగ్గాలని కూడా రాశానే అక్కా," అన్నాడు.

కూడా. ఆ ఒక్క మాట మింగేసి ఉంటే ఎంత బాగుండేది. నొప్పి తగ్గాలనే రాశాను అని ఉంటే నేను కళ్లు మూసుకుని నమ్మేసేదాన్ని. కానీ వాడికి అబద్ధం చెప్పడం రాదు. వాడి పదకొండో ఏట మొదలుపెట్టి, చెవి మెలేసి, అన్నం మానేసి, బతిమాలి, అబద్ధం ఆడకూడదని నేర్పించింది నేనే.