కాలు మోపలేని కొండ

దంతాల ల్యాబులో కట్టుడు పళ్ళు చేసే పెద్దమనిషికి ఇంట్లో కొండలు చేసే పిచ్చి. బొటనవేలంత సైనికుల్ని బల్ల మీద నిలబెట్టి, పాచికలు వేసి యుద్ధాలాడే ఆట ఒకటుంది. ఆ యుద్ధాలకు చోటు కావాలి కదా, అందుకని కూలిన కోటలూ వేరే గ్రహాల లోయలూ చేత్తో తయారు చేసుకుంటారు. చేసేవాళ్ళు చాలామందే ఉన్నా, కొండంటే ఏమిటో తెలిసినవాణ్ణి తానొక్కడినేనని ఈయన గట్టి నమ్మకం.

ఆ నమ్మకంతోనే, ఈ ఆట ఆడేవాళ్ళంతా చేరే క్లబ్బు మొత్తాన్ని తరిమేశాడు. ఒకతను థర్మోకోల్ కోట మీద నేరుగా స్ప్రే రంగు కొట్టి, అది కరిగి గుంటలు పడితే బిక్కమొహం వేశాడు. "కోటకి పిప్పిపన్ను బాగా కుదిరింది," అన్నాడీయన అందరి ముందూ. ఇంకొకతను చెట్లు చేసి తెస్తే, "ఇవి చెట్లా, చీపుళ్ళా?" అని ఏకిపారేశాడు. పాపం, వాళ్ళు ఆటకొచ్చారు గానీ పరీక్షకి కాదు. ఒక్కొక్కరే మొహం చాటేశారు. చివరికి మిగిలింది భార్య తమ్ముడు, బస్సు డ్రైవరు, బావ నోటికి అలవాటుపడిన ప్రాణం. అతను కూడా రానంటే ఇక తనతో ఆడే దిక్కుండదని ఈయనకి తెలుసు. భయం కూడా ఉంది. నోరు మాత్రం ఆ భయం మాట వినదు.

ఆదివారం బావమరిది గుడ్ల అట్టలో సైనికుల్ని సర్దుకొని వచ్చాడు. బల్ల మీద కొత్త కొండ ఉంది. పళ్ళ అచ్చులు తీసే ప్లాస్టరుతో ఈయనే పోసి, ల్యాబు పనిముట్లతో పగుళ్ళు చెక్కి, ఎర్రమట్టి రంగు వేశాడు. బాగుంది, ఒప్పుకోక తప్పదు. బావమరిది మెచ్చుకుంటూ ఒక సైనికుణ్ణి వాలు మీద పెట్టాడు. జారాడు. ఇంకొకణ్ణి పెడితే బోర్లా పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు.

"బావా, ఎక్కడా కాలు మోపే చోటు లేదు."

"నిజం కొండ అలాగే ఉంటుంది."

"ఇక్కడ కాస్త చదును చెయ్యి చాలు."

"నీ బొమ్మల కోసం కొండకి మెట్లు కట్టాలా? ఇదేమన్నా బస్సనుకున్నావా, ఎక్కి దిగడానికి?"

బావమరిది నవ్వలేదు. ఎప్పుడూ నవ్వేసేవాడు ఇవాళ నవ్వకపోయేసరికి ఈయన మళ్ళీ ఆ వాలు వంక చూశాడు. చెక్కే కత్తి చేతిలోనే ఉంది. రెండుసార్లు గీకితే సరిపోయేది.

"అలా చేస్తే ఇది బొమ్మకొండ అయిపోదూ?" అన్నాడు.

బావమరిది అట్ట మూసేసి, వంటింట్లో అక్కతో రెండు మాటలు మాట్లాడి వెళ్ళిపోయాడు. చెయ్యి విరిగిన సైనికుడు బల్ల మీదే ఉండిపోయాడు.

కాసేపటికి భార్య వచ్చి చూస్తే, ఆయన ఆ సైనికుణ్ణి కొండ కింద వెల్లకిలా పడుకోబెట్టి జిగురు పెడుతున్నాడు.

"చూడు, నిజంగా యుద్ధం జరిగినట్టే ఉంది కదూ?"

"ఉంది. తమ్ముడు ఇక రాడట, మీకు చెప్పమన్నాడు."

జిగురు ఆరిపోయాక కూడా ఆయన, ఆ సైనికుడూ లేచి వెళ్ళిపోతాడేమోనన్నట్టు వేలితో నొక్కి పట్టుకునే కూర్చున్నాడు.