నేలకు దించిన కారు

వెనక సీటు సందులో ఇరుక్కున్న బిస్కెట్ ముక్కలను ఆమె చీపురుపుల్లతో తీస్తుంటే, గుమ్మంలోంచి భర్త కేకేశాడు. "ఇంకా అవలేదా? కొనే అతను వచ్చేస్తాడు. కాఫీ కూడా పెట్టాలి కదా!"

పెళ్ళికి ముందు, ల్యాబ్ ఉద్యోగం చేసుకుంటూ ఇష్టపడి కొనుక్కున్న పాత జపాన్ కారు అది. రెండే తలుపులు. సెలవు దొరికితే చాలు, గ్యారేజీలో దాని కిందే పడుకునేది. ఇంజిన్ విప్పి, వేగం పెంచే పెద్ద టర్బో బిగించింది. స్ప్రింగులు మార్చి కారును నేలకు దించింది. గోళ్ళలో గ్రీజు పెళ్ళినాటికీ పోలేదు. "ఆడపిల్ల చేతులేనా ఇవి?" అంది అత్తగారు.

పెళ్ళయ్యాక గ్యారేజీకి వెళ్ళే తీరిక లేకపోయింది. కారుకు మాత్రం చేతినిండా పని. పాపను బడిలో, అత్తగారిని నడుం డాక్టరు దగ్గర, భర్తను ఆఫీసులో దింపి, ఆఖరున ఆమె ల్యాబ్‌కు పరుగెత్తేది. భర్తకు డ్రైవింగ్ రాదు. "నువ్వుండగా నాకెందుకోయ్," అనేవాడు ముద్దుగా. దిగేటప్పుడు మాత్రం, "ఈ మోతేంటి, పరువు తీస్తోంది," అని విసుక్కునేవాడు. "ఇది కారా, గొయ్యా?" అనేది అత్తగారు, అందులోంచి పైకి లేవలేక. చివరికి అమ్మేద్దామని తేల్చిందీ ఆయనే, ఏడు సీట్ల బండి చూసిపెట్టిందీ ఆయనే. ఆమె కాదనలేదు. మత్తుసూది పొడిచిన పంటి చిగురులా ఉంది ఆమెకు లోపలంతా. నొప్పి ఎక్కడో ఉందని తెలుస్తోంది, అంతే.

వచ్చినతను బానెట్ ఎత్తి అలాగే నిలబడిపోయాడు. "అబ్బ! ఎవరు చేశారు సార్ ఈ పని?"

"అంతా నేనే దగ్గరుండి చేయించా," అన్నాడు భర్త.

కాఫీ తెస్తున్న ఆమె ఆగింది.

"ఒకసారి స్టార్ట్ చేయండి సార్."

భర్త ఆమె వైపు చూశాడు. ఆమె ట్రేని ఆయన చేతుల్లో పెట్టి, సీట్లోకి జారి తాళం తిప్పింది. ఇంజిన్ గుర్రుమంది.

"టర్బో బిగించింది నేనే. క్లచ్ గట్టిగా ఉంటుంది. వేడెక్కేదాకా తొందరపెట్టకండి," అంది.

"మీరా అండీ?"

"ఆఁ, నేనే."

చేతిలో ట్రేతోనే భర్త నవ్వాడు. "తనకదో పిచ్చిలెండి."

డబ్బు లెక్కపెట్టి ఇచ్చి అతను తీసుకెళ్తున్న కారు వీధి మలుపు తిరిగింది. మూడో గేరు కాస్త ముందే వేశాడనుకుంది ఆమె. ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు.

"హమ్మయ్య, పీడ వదిలింది," అంది అత్తగారు.

"రేపు కొత్త బండి వస్తుంది," అన్నాడు భర్త హుషారుగా. "ఎల్లుండి పొద్దున్నే అమ్మని డాక్టరుకి చూపించి, అట్నుంచి నన్ను..."

"నేను బస్సులో వెళ్తాను."

"మరి బండెవరు నడుపుతారు?"

"మీరు నేర్చుకోండి."

"అదేంటే! ఇన్నాళ్ళూ నువ్వేగా మమ్మల్ని తిప్పింది?"

"ఇన్నాళ్ళూ నా కారు నేను నడుపుకున్నాను," అంది ఆమె. "మీరు ఎక్కారు, అంతే."