జొరం దొరికిన ఇల్లు

శ్రావణపుటెండలో రాయమల్లు సైకిలు దిగాడో లేదో, వాకిట్లో బియ్యం చెరుగుతున్న ముసలమ్మ చేట విసిరినంత పని చేసింది.

“జొరాలు లేవని మొన్ననే చెప్తి గదా! అచ్చేదాక ఇడువవా ఏంది మమ్ముల?”

అతను సైకిలు తిప్పాడు. పాలంపేట చుట్టుపక్కల పల్లెల్లో ఈ ఏడు అందరిదీ అదే మాట. ఏడేళ్ళ కిందట చలిజ్వరం తగలని ఇల్లు లేదు. రాయమల్లు తండ్రి గొంగళ్ళు కప్పుతుండగానే పోయాడు. తర్వాత గోడలకు మందు కొట్టారు, గోలీలు పంచారు. జ్వరం తగ్గుముఖం పట్టింది. జనం ఊపిరి పీల్చుకున్నారు. కొత్త గోలీని పరీక్షిస్తున్న హన్మకొండ డాక్టర్ రాజేశ్వర్ రావుకు మాత్రం ఊపిరాడలేదు. పరీక్షకు రోగులు కావాలి.

“కేసుల్లేకుంటే స్టడీ బంద్. స్టడీ బంద్ అయితే నీ నౌకరీ బంద్” అని నలుగురి ముందే రాయమల్లును కసిరాడు.

జ్వరమొచ్చినవాళ్ళ వేలికి సూది గుచ్చి, నెత్తురు చుక్క గాజుపలక మీద పట్టి పంపడం రాయమల్లు పని. దినకూలీ. నెత్తురు తీసినప్పుడే గోలీలు చేతిలో పెట్టే ఆనవాయితీని డాక్టరు ఈ ఏడు ఆపించాడు. పాత గోలీ మింగినవాళ్ళు కొత్త గోలీ పరీక్షకు పనికిరారట. గోలీల డబ్బా సంచిలోనే ఉన్నా ఇవ్వడానికి వీల్లేదు. అప్పటి నుంచి ఏ ఇంట్లో మూలుగు వినిపించినా రాయమల్లు చెవులు నిక్కబొడుచుకునేవి. తన మీద తనకే రోత పుట్టేది. అయినా తెల్లారితే సైకిలెక్కేవాడు.

గుట్టకింది వాడకు వచ్చేసరికి పూలమ్మ ఇంటి ముందు జీపు ఆగి ఉంది. నాట్లేస్తూ బురదలోనే కూలబడిన పూలమ్మ నెత్తురును మొన్న అతనే తీసి పంపాడు. అందులో మలేరియా తేలింది. డాక్టరు స్వయంగా వచ్చాడు. నవ్వుతున్నాడు.

“మంచి కేసు పట్టినవ్ రాయమల్లూ! సోమారం హైదరాబాదు నుంచి పెద్దసార్లు వస్తున్నరు. వాళ్ళ ముందలనే కొత్త గోలీ షురూ చేద్దాం. అప్పటిదాక ఏ మందూ పడొద్దు.”

“ఇయ్యాల బేస్తారమే గద సార్. ఇంక నాలుగొద్దులున్నయి.”

“అయితే ఏంది? రోజూ రక్తం తీస్తుండు, సాలు.”

రాయమల్లు లోపలికి వెళ్ళాడు. పూలమ్మ పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. నులకమంచం కిర్రుమంటోంది. అత్త మల్లక్క గొంగడి మీదుగా కోడలిని అదిమిపట్టుకుని కూర్చుంది. కింద చంటిపిల్ల పాలకు గుక్కపట్టి ఏడుస్తోంది.

“కొడుకా, పోయినేడు నా మనవనికి నువ్వే గోలీలు ఇస్తివి గదా. జర ఇయ్యి, నీ కాల్మొక్త.”

రాయమల్లు గడప బయటున్న డాక్టరు వైపు చూశాడు. డాక్టరు తల అడ్డంగా ఊపాడు.

“లేవు పెద్దమ్మా.”

“నీ సంచిల గలగలమంటానయి, అవేంది మరి?” మల్లక్క లేచింది. “జొరం పోకుంట కాపలా కాస్తాండ్రా మీరు? మా కోడలు సస్తే మీకేమొస్తదిరా?”

రాయమల్లు మొహం పాలిపోయింది. సంచిలోంచి డబ్బా తీసి, గోలీలు మల్లక్క అరచేతిలో పోశాడు.

“రాయమల్లూ! ఆ గోలీ పడితే కేసు పోతది!”

“పోనియ్యిండ్రి సార్.”

“దిమాక్ ఉందా? రేపటి సంది రాకు. సంచి ఇటియ్యి.”

రాయమల్లు సంచి విసిరేశాడు. అది డాక్టరు బూట్ల ముందు పడి, లోపలి గాజుపలకలు పెటిల్లున పగిలాయి.

చేదుకు పూలమ్మ మొదటి గోలీ కక్కేసింది. మల్లక్క ఇంకోటి నోట్లో పెట్టి చెంబు ఎత్తింది. డాక్టరు కోపంగా గడప మీదికి వచ్చాడు. రాయమల్లు అడ్డంగా నిలబడి రెండు చేతులూ దర్వాజాకు ఆనించాడు. వెనక ఏం జరుగుతోందో అతనికి కనిపించడం లేదు. పూలమ్మ గుటక కోసం చెవులు రిక్కించాడు. బయట డ్రైవరు జీపు హారను ఆగకుండా మోగిస్తున్నాడు.