బుడ్డి చూపించకు, బావా

సొంత అక్క మొగుడికే డొక్కు గాలం రీలు అంటగట్టిన ఘనుడు, గాలాల కొట్టులో పనిచేసే బామ్మర్ది. చెరువు గట్టు మీద నలభై మంది ఎదుట బావ నూనెబుడ్డి అన్న మాట ఇదే. ఆ సాయంత్రం గాలాల కొట్టు యజమాని దగ్గరికెళ్లి కూడా ఇదే అన్నాడు. వారం దాటినా కంచం ముందు కూర్చున్నప్పుడల్లా ఇదే అంటున్నాడు. వడ్డించే భార్య మాత్రం తమ్ముడి మాట వచ్చినప్పుడల్లా గరిటె గిన్నెలో వేసి లోపలికి వెళ్లిపోతోంది.

నూనెబుడ్డి కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఆరో తరగతిలో బడి మానేసి పనిలో దిగాడు, ఇప్పుడు యాభై రెండేళ్లు. ఏ యంత్రం చేతికొచ్చినా ముందు నాలుగు చుక్కల నూనె పోయనిదే ముట్టడు, అందుకే ఆ పేరు. ఆ నూనె కూడా అందరి నూనె కాదు. అందులో కాస్త లవంగనూనె కలుపుతాడు. మిషన్ మూత తీయగానే కుట్టేవాళ్లు వాసన చూసి, ఇది ఫలానావాడి చేయి అనుకోవాలి. చదువు లేకపోయినా చేయి ఉందని అతని గర్వం. చదువుకున్నవాడెవడు నోరు తెరిచినా తనను ఎత్తిపొడవడానికేనని అనుమానం కూడా ఆ గర్వంతోపాటే పెరిగింది.

చెరువు దగ్గర గాలాలవాళ్ల సంఘం ఒకటుంది. గట్టును చోట్లుగా కొలిచి, చెక్క పలక మీద పేరు రాసి సభ్యులకు ఇస్తుంది. వరసగా పన్నెండు ఆదివారాలు రానివాడి చోటు, కాచుకుని ఉన్న మరొకడికి పోతుంది. తొమ్మిదేళ్లు కాచుకున్నాక నూనెబుడ్డికి చోటు దొరికింది, అదీ బామ్మర్ది చోటు పక్కనే. తన పేరు పలక మీద చూడటం అతనికి జీవితంలో అదే మొదటిసారి. పెళ్లిపత్రికలో కూడా తప్పు రాశారు.

ఎప్పుడో సూది దిగిన బొటనవేలు అతనికి సరిగా వంగదు. మూతలేని రీలైతే దారం వేలితో పట్టి వదలాలి. అందుకని బటన్ నొక్కితే చాలు, దారం వదిలే మూత రీలు కొనుక్కుందామని కొట్టుకి వెళ్లాడు. వెళ్లగానే తళతళలాడేదొకటి ఎత్తాడు.

"ఇది చూడరా, అద్దంలా ఉంది."

"అద్దాల బీరువాలో పెట్టుకోడానికే పనికొస్తుంది బావా. పిడి పట్టుకుని అటూ ఇటూ ఊపు. ఆడుతోందా? లోపల ప్లాస్టిక్ పళ్లు. రెండు పెద్ద చేపలు పడ్డాయంటే అరిగి పిండవుతాయి."

"రోజుకి పది మిషన్లు విప్పేవాణ్ణి. నాకు చక్రాలు నేర్పుతావా?"

"నేర్పడమెందుకు, నువ్వే చూడు." బామ్మర్ది మొరటుగా ఉన్న నల్ల రీలు చేతిలో పెట్టాడు. "ఇది ఇనప పళ్లది. బటన్ నొక్కి వదిలి పిడి తిప్పు. దారాన్ని వెంటనే అందుకుందా, లేదా? ఇప్పుడు దారం చేత్తో లాగు. జెర్కులు లేకుండా, పట్టిపట్టి వదులుతోందా? ఆ పట్టే ముఖ్యం. చేప పారిపోతుంటే దాన్ని అలసగొట్టేది అదే." కాగితంలో చుడుతూ, "ఒక్క మాట బావా. ఏడాది దాకా దీనికి నీ బుడ్డి చూపించకు," అన్నాడు.

కొట్టులో ఉన్న ఇద్దరు నవ్వారు. నూనెబుడ్డి కూడా నవ్వాడు, పళ్లు కనబడేంత మాత్రం. ఇంటికొచ్చి రీలు మూత విప్పాడు. నా బుడ్డి మీదా వేళాకోళం, అనుకుంటూ నాలుగు చుక్కలు పోశాడు. కసి తీరక ఇంకో నాలుగు పోశాడు.

సంఘం పోటీనాడు పెద్ద చేపే తగిలింది. కర్ర విల్లులా వంగింది, అందరూ లేచి చూశారు. రీలు మాత్రం పట్టలేదు. ఎంత బిగించినా దారం జారుతూనే ఉంది. చేప తీరిగ్గా రెల్లు దుబ్బుల్లోకి పోయి దారం తెంపుకుంది. అప్పుడే నూనెబుడ్డి నోరు జారింది. కమిషన్ కోసం డొక్కు అంటగట్టాడన్నాడు, దొంగ అన్నాడు. బామ్మర్ది రీలు అందుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. బావ ముఖంలోకి ఒకసారి చూసి, దాన్ని సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

పది రోజులకు భార్య ఒక పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టింది. "తమ్ముడు బాగుచేసిచ్చాడు."

"వాడి తప్పు వాడికే తెలిసొచ్చిందన్నమాట."

పొట్లంలో రీలుతోపాటు, లోపలినుంచి తీసిన రెండు ఉన్ని బిళ్లలు మడిచిన కాగితంలో ఉన్నాయి. దారాన్ని పట్టి ఆపాల్సిన బిళ్లలు. నూనెలో నానిన అప్పాల్లా మెత్తగా ఉన్నాయి.

వంటింటి గుమ్మంలోంచి భార్య అడిగింది: "ఏమయ్యా, లవంగాలు నములుతున్నావా?"

అతను బిళ్లలు గుప్పిట్లో దాచుకుని పెరట్లోకి వెళ్లాడు. చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగినా ఆ వాసన పోలేదు.

మర్నాడు కొట్టుకెళ్లాడు. నిజం చెప్పేద్దామనే వెళ్లాడు. బామ్మర్ది కౌంటరు దగ్గర లేడు. పక్కన కొడుక్కి గాలం కొంటూ ఒక టైలరమ్మ నిలబడి ఉంది, ఆవిడ మిషన్లు మూడు బాగుకి ఇతని దగ్గరే ఉన్నాయి.

"మీవాడు ఒప్పుకున్నాడులెండి," అన్నాడు యజమాని. "కొట్టులోనే తను నూనె పోశాడట. పదమూడేళ్ల అనుభవం, చేసింది చూడండి. కౌంటరు నుంచి తీసి గోడౌన్లో పడేశాను."

నూనెబుడ్డి నోరు తెరిచాడు. టైలరమ్మ ఇటు తిరిగింది.

"గాలాలు... చిన్నవి ఒక డబ్బీ ఇవ్వండి," అన్నాడు.

తేలు కుట్టిన దొంగలా వెనక సందులోకి వెళ్లాడు. బామ్మర్ది అట్టపెట్టెలు మోస్తున్నాడు, తలంతా దుమ్ము.

"ఎందుకురా నీ నెత్తిన వేసుకున్నావు?"

"మిషన్లవాడికి నూనె ఎక్కడ పోయకూడదో తెలీదని నలుగురికీ తెలిస్తే నీ గుమ్మం ఎవరు తొక్కుతారు బావా? అక్క ఏం తింటుంది?" పెట్టె దించి చేతులు దులుపుకున్నాడు. "కొత్త బిళ్లలు వేశాను. ఆదివారం రా, చూద్దువుగాని."

తప్పు నాదేనని చెప్పడానికొచ్చిన నూనెబుడ్డి గాలాల డబ్బీ జేబులో వేసుకున్నాడు. తలాడించి వచ్చేశాడు.

ఆదివారం కర్ర తీసుకుని చెరువు మలుపు దాకా వెళ్లాడు. గట్టు మీద బామ్మర్ది పక్క చోటు ఖాళీగా ఉంది, దొంగ అన్న మాట విన్న నలభై మందీ ఉన్నారు. వెనక్కి తిరిగాడు. పై వారమూ మలుపు దాకానే. తర్వాత మలుపు దాకా కూడా పోలేదు. "రమ్మంటున్నాడు వాడు," అని భార్య చెప్పేది. "మిషన్లున్నాయి," అనేవాడు.

పదమూడో ఆదివారం సంఘంవాళ్లు పలక మీద అతని పేరు చెరిపి వేరేవాడిది రాశారు. చోటు కొలత మాత్రం అలాగే ఉంచారు: పొడవు తొమ్మిది అడుగులు, నీళ్ల దాకా ఏడు, మొత్తం అరవై మూడు చదరపు అడుగులు.