పటంలో దించని మూట

పందులకు తవుడు పెట్టి, పిల్లకి జడ వేసి, మొక్కజొన్న పొత్తులు వలిచాక నాయ్‌చోయ్ రోజూ పూజపీఠం కింది వెదురుబుట్ట మీద దుమ్ము దులిపేది. అందులో మామగారి దేవతల పటాలు చుట్టి ఉంటాయి. మామ వెర్న్‌ఫో వాళ్ల ఊరున్న కొండకంతటికీ పురోహితుడు. చావు వస్తే తప్ప ఆ పటాలు విప్పడు.

చావింట్లో గోడకి వేలాడదీసినప్పుడు, నరకపు పదిమంది రాజుల పటంలో అడుగున, వంతెన ముందు, పోయినవాళ్లు వచ్చి నిలబడతారు. బొటనవేలంత ఉంటారు. "అదిగో మా పిన్ని! చచ్చినా చుట్ట వదల్లేదు చూడు" అని చుట్టాలు చూపించుకుంటారు. కర్మ జరిగితే వంతెన దాటి మాయమవుతారు. జరగకపోతే అక్కడే పడిగాపులు.

నాయ్‌చోయ్ మొగుడు చియెంఫిన్‌ని సైనికులు మూటలు మోయడానికి తోలుకుపోయి రెండేళ్లు దాటింది. పోయినేటి నుంచి మామ ఏ చావుకి వెళ్లినా ఆ ఒక్క పటం విప్పడం లేదు. చెమ్మ పట్టింది, రంగు ఊడుతుంది అంటాడు. ఎందుకని అడగడానికి ఆమెకి నోరు రాలేదు. అది విప్పనంత కాలం మొగుడు బతికే ఉన్నాడు.

ఫిరంగుల మోత దగ్గరపడింది. మెకాంగ్ నది దాటి పోవడానికి ఊరంతా సామాన్లు సర్దుకుంది. నాయ్‌చోయ్ మాత్రం కదలనంది.

"ఆయనొచ్చేసరికి ఇల్లు ఖాళీగా ఉంటే?"

"పిల్లనైనా బతకనియ్యవే!" అని ఆడవాళ్లు తిట్టిపోశారు. మామ పటాల బుట్టకి తాడు బిగిస్తూ కూచున్నాడు.

బయల్దేరే ముందురోజు పొద్దున్నే పక్కింటి గావ్‌సాన్ తల్లి పోయింది.

"పదిమంది రాజుల పటం విప్పు పెద్దయ్యా," అన్నాడు గావ్‌సాన్.

"చెమ్మ పట్టింది నాయనా."

"చెమ్మ పట్టనీ, ఎలకలు కొట్టనీ. మా అమ్మ దాటిందో లేదో చూడకుండా నేను నది దాటను."

విప్పక తప్పలేదు. ముసలమ్మ వంతెన ముందు నిలబడి ఉంది. ఆమెకి ముందు చియెంఫిన్. ఎముకల గూడు. వీపు మీద సైనికుల మూట అలాగే ఉంది.

"నీకు తెలుసు మామా," అంది నాయ్‌చోయ్.

"పోయినేడే చూశాను. ఎవరి కంటా పడకముందే చుట్టేశాను." ముసలాయన తల ఎత్తలేదు. "తెలిస్తే పిల్లని తీసుకుని పుట్టింటికి పోతావని. ఒంటరివాణ్ని అయిపోతానని, అమ్మాయ్."

"మూట దించే దిక్కు లేక ఇన్నాళ్లూ నిలబడ్డాడు! నీకు ముద్దెలా దిగింది మామా?"

అంతకుముందెప్పుడూ ఆమె ఎవర్నీ అంతగా అసహ్యించుకోలేదు.

మామ ఒకే పందిని కోసి ఇద్దరికీ కర్మ మొదలుపెట్టాడు. కొడుకు పేరు కూడా పలికాడు. అయినా మూట బరువుకి చియెంఫిన్ వంతెన ఎక్కలేకపోయాడు. వెర్న్‌ఫో మంత్రం ఆపి, పటానికి వీపు తిప్పి వంగాడు.

"ఇలా నా మీద పెట్టు నాన్నా," అన్నాడు కొడుకుతో.

చియెంఫిన్ ఖాళీ వీపుతో వెనక్కి చూడకుండా దాటిపోయాడు. అతని వెనకే ముసలమ్మా దాటింది. వెర్న్‌ఫో మళ్లీ నిటారుగా లేవలేకపోయాడు.

మర్నాడు ఊరు కదిలింది. నాయ్‌చోయ్ పిల్లని వీపున కట్టుకుంది. కోపం చల్లారలేదు, అయినా గడప దగ్గర ఆగి, లోపల వంగి కూచున్న మామ వైపు తిరిగింది.

"లే మామా, మెల్లగా నడుద్దాం."

"ఈ బరువుతో కొండ దిగలేనమ్మా. నాకోసం ఆగితే పిల్ల దక్కదు. వెళ్లు."

"దించెయ్ మామా."

"ఎవరి మీద దించను? నీ మీదా, పిల్ల మీదా?"

ఆమె పిల్లని కట్టిన గుడ్డ ముడి బిగించుకుని నది దారి పట్టింది.