బావ పంపిన నాలుగు లింకులు

ప్రతి ఆదివారం పొద్దున్నే ఫిట్టర్ ఫోన్‌కి నాలుగు లింకులు వచ్చేవి. చరిత్ర మీద ఒకటి, పని గురించి ఒకటి, తత్వం ఒకటి, తర్కం ఒకటి. పంపేది అక్క మొగుడు. ఫిట్టర్ పనిచేసే ఫ్యాక్టరీలోనే ప్రెస్సు మీద రేకులు కొట్టే మనిషి.

"నెట్‌లో ఉన్న చెత్తంతా నేను చదివి, మంచివి ఏరి పెడుతున్నా. నమిలి మింగడమైనా నువ్వు చెయ్యరా బామ్మర్దీ" అనేవాడు.

మూడు వారాలుగా లింకుల్లేవు. బావ కుడిచెయ్యి ప్రెస్సు కింద మణికట్టు దాకా నలిగిపోయింది.

ప్రెస్సు ముందు చెయ్యి పోకుండా ఇనుప జాలీ ఉందనీ, పరధ్యానంలో బావే పక్కనుంచి చెయ్యి దూర్చాడనీ, పరిహారం రాదనీ కంపెనీ అంది. విచారణకి ఫిట్టర్ సాక్షి. ముందురోజు కూర్చుని, తర్కం మీద బావ పంపిన పాత వ్యాసాలన్నీ మళ్ళీ చదివాడు.

ఆఫీసు గదిలో విచారణాధికారి, పక్కన సూపర్‌వైజర్.

"జాలీ ఉంటే పక్కనుంచి పెన్సిలన్నా దూరదండీ. చెయ్యి దూరింది. అంటే జాలీ లేదు" అన్నాడు ఫిట్టర్.

సూపర్‌వైజర్ మొహం మాడిపోయింది. అధికారి కళ్ళజోడు సర్దుకున్నాడు.

"బాగా చెప్పావయ్యా. ఎక్కడ నేర్చావు?"

"చదివానండీ."

"అయితే ఇంకొంచెం ముందుకెళ్దాం. ఆ జాలీ బోల్టులు మామూలు పానాకి ఊడతాయా?"

"ఊడవండీ. దానికి వేరే పానా ఉంది."

"అదెవరి దగ్గరుంటుంది?"

రేకులు ఎక్కువ పడాలంటే జాలీ తీసి కొట్టడం ఆ షెడ్డులో మామూలే. ఆ రోజు తీసింది ఫిట్టరే. ఊడిన బోల్టులు దోసిట్లో పట్టుకుని పక్కన నుంచున్నది బావ. రోజూ చేసే పని కావడంతో అదొక సంగతని ఇద్దరికీ తట్టనేలేదు.

"నా దగ్గరేనండీ. సూపర్‌వైజర్ గారు తియ్యమంటేనే తీశా."

"రాసిచ్చారా?"

"నోటిమాటండీ."

"నేనెప్పుడన్నానయ్యా?" అన్నాడు సూపర్‌వైజర్, మెల్లగా.

వారం తిరక్కుండా కాగితం వచ్చింది. ఫిట్టర్ ఉద్యోగం పోయింది. జాలీ లేదని తెలిసీ పని చేశాడు గనక బావకి పైసా రాదు.

బావ కాగితాన్ని ఎడమచేత్తో పట్టుకుని రెండుసార్లు చదివాడు.

"ఎక్కడ తప్పాను బావా?"

"ఎక్కడా తప్పలేదురా."

"తప్పకపోతే ఇద్దరూ ఇంట్లో ఎందుకు కూర్చున్నారు?" అంది అక్క లోపల్నుంచి. తనే గుమ్మంలోకి వచ్చింది. "వీధి చివర ఆటోలు బాగుచేసే షెడ్డులో అడిగి చూడు తమ్ముడూ. నీ చేతిలో పనుంది, ఎక్కడైనా బతుకుతావు. ఈయన సంగతే..."

మిగతా మాట మింగేసింది. బావ విననట్టే తలొంచుకుని, ఎడమచేత్తో చొక్కా గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. మొదటిది జారిపోయింది. సాయం చెయ్యడానికి ఎవరూ కదల్లేదు.